ఆ రెండు వందలు

వేదిక మీద పెద్దలందరికీ నమస్కారం. పేర్లు చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయండి, ఏమీ అనుకోకండి. ‘పురపాలక సంఘాల్లో అవినీతి నివారణ’ అని కాగితం మీద విషయం రాసిచ్చారు. అది జేబులో పెట్టేసి నా సంగతి చెబుతాను.

2009లో మా అమ్మ ఇంట్లోనే పోయింది. దినకార్యం అవగానే డెత్ సర్టిఫికెట్ కోసం మునిసిపల్ ఆఫీసుకెళ్ళాను. ఏ ఊరో అడక్కండి, ధవళేశ్వరం దిగువనే. సీట్లో ఉన్నవాడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాడు. లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. “అయ్యో, అమ్మగారా మాస్టారూ!” అని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడ చేతి బూరెలు తిన్నవాడే మరి. పేరు రాసుకున్నాక రిజిస్టరు మూయకుండా నా వైపు జానెడు జరిపాడు. అంతే. నేను రెండు వంద కాగితాలు పేజీల మధ్య పెట్టాను. అప్పుడు మూశాడు.

వాడు నోరు తెరిచి అడగలేదండి. నా చెయ్యే వెళ్ళింది. పదిహేనేళ్ళు దాటినా ఆ జానెడు దూరం నాకు గుర్తే. 21 రోజుల్లోపు చెబితే నమోదుకి రుసుం లేదు, చెప్పినవాళ్ళకి నకలు ఉచితం. 1969 నాటి చట్టం. అప్పటికే నలభై ఏళ్ళది. లెక్కల మాస్టారికి తెలీదు!

సరే, కాగితంలో ఉన్నవీ కొంచెం చెప్పాలి. లంచం అడిగితే ఇవ్వకముందే ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకి, చెప్పండి, 1064కి ఫోన్ చేస్తే చాలు. వాళ్ళు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి మీ చేతే ఇప్పిస్తారు. తీసుకున్నవాడి వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. మా వాడికి నేను లెక్కలే చెప్పాను, సైన్స్ చెప్పలేదు.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇచ్చి 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెబితే మాత్రం కాదు. “చెబితే నా ఇంటి ప్లాను ఆపేస్తారేమో” అని టెన్షన్ పడతారు. ఆపేవాళ్ళూ ఉన్నారు, లేరని మీకు అబద్ధం చెప్పను. అందుకే ప్రతి అర్జీకీ రసీదు అడిగి తీసుకోండి. తారీకు లేని రసీదు తీసుకోకండి. నేను తీసుకున్నాను ఒకసారి... వద్దులెండి, అదింకో గంట.

చీటీ పంపుతున్నారు, చూశానండి. ఒక్క నిమిషం.

మా వీధి మురుగు కాలువకి నిరుడు కొత్త సిమెంటు వేశారు. ఈ వానాకాలానికే పెచ్చులూడింది. ఎంత మందం వేసినట్టు ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, రాసుకున్నారో నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అర్జీ రాశాను. పది రూపాయల రుసుం, 30 రోజుల గడువు. ఒక్కణ్ణే వెళితే “మాస్టారికి పనేం లేదు” అంటారు. వెనక వరుసలో ఫోన్ చూసుకుంటున్న బాబూ, నువ్వే, మీ ఇల్లు కూడా ఆ కాలువ మీదే కదూ? సోమవారం పదిన్నరకి ఆఫీసు మెట్ల దగ్గర ఉంటాను. నీ అర్జీ నువ్వు రాసుకురా, తెల్లకాగితం చాలు.