రస్కు గోడలు, చక్కెర సిమెంటు: సెలవుల్లో పిల్లలతో తినే ఇల్లు

[వంటగది గట్టు మీద అట్టముక్క. దాని మీద సగం కట్టిన బిస్కట్ ఇల్లు. కప్పు ముక్క మెల్లగా జారి కింద పడుతుంది. కెమెరా వెనకనుంచి పిల్ల గొంతు: "చిన్నమ్మా, పడిపోయింది!"]

నమస్తే. అది మీకు చూపించడానికి కావాలనే పడేశాం. గోడలు ఆరకముందే కప్పు పెడితే జరిగేది ఇదే. డిసెంబరు సెలవుల్లో పిల్లలతో బిస్కట్ ఇల్లు మొదలుపెట్టి, ఏడుపులతో ముగించేవాళ్లు చాలామంది. కట్టడం, అలంకరించడం రెండూ ఒకే సాయంత్రం అయిపోవాలని తొందరపడతాం. అందుకని ఈ వీడియోలో పని రెండు రోజులకు పంచుతున్నాను. మొదటి రోజు పెద్దవాళ్లది, రెండో రోజు పూర్తిగా పిల్లలది.

[టైటిల్. తర్వాత ఒక పళ్లెంలో శొంఠి, దాల్చినచెక్క, లవంగాలు, మిరియాలు]

అల్లం రొట్టెతో, అంటే జింజర్‌బ్రెడ్‌తో కట్టే ఈ ఇల్లు పుట్టింది జర్మనీ వైపు. అక్కడి న్యూరెంబర్గ్ ఊరు మసాలా వేసిన తీపి రొట్టెలకు వందల ఏళ్లుగా పేరుపడింది. 1812లో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథల్లో హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లు అడవిలో ఒక మంత్రగత్తె ఇల్లు చూస్తారు. గోడలు రొట్టెతో, కప్పు కేకుతో, కిటికీలు చక్కెరతో. గమ్మత్తేమిటంటే ఆ వర్ణనలో అల్లం ఊసే లేదు. అల్లం రొట్టెల ఇల్లుగా మనకు తెలిసింది తర్వాతి అలవాటు వల్ల. నార్వేలో బెర్గెన్ అనే ఊళ్లో 1991 నుంచి ఏటా ఇలాంటి ఇళ్లతో ఒక బొమ్మల నగరమే పెడుతున్నారు. అందులో చాలావరకు బడిపిల్లలు చేసినవే.

ఇక ఆ రొట్టెలో పడే మిరియాలు, శొంఠి ఒకప్పుడు మన పడమటి తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన సరుకే. మనం హైదరాబాద్‌లో బేగంబజార్ దాకా వెళ్తే చాలు.

[బల్ల మీద రకరకాల బిస్కట్లు. ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని చూపిస్తూ]

ఓవెన్ లేనివాళ్లు కంగారు పడకండి. ముందు మీకే చెబుతాను.

హైదరాబాద్‌లో ఇల్లు కట్టడానికి ఉన్నంతలో మంచి ఇటుక రస్కు. ఇరానీ బేకరీల్లో, వీధి చివరి బేకరీలో దొరికే రస్కులు పొడిగా, గట్టిగా ఉంటాయి. రంపపు పళ్ల చాకుతో నెమ్మదిగా కోస్తే కోణం కూడా వస్తుంది. మరీ సన్నవి వద్దు. ఉస్మానియా బిస్కట్ అంటే నాకు ప్రాణమే కానీ గోడకు పనికిరాదు. గుండ్రంగా ఉంటుంది, వెన్న ఎక్కువ, వేలు తగిలితే పొడైపోతుంది. దాన్ని ఇంటి ముందు దారికి పరుచుకోండి. ఖారా బిస్కట్ పొరలు విడదీస్తే పూరింటి పైకప్పులా కనిపిస్తుంది, కాకపోతే ఉప్పగా ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పండి. బోర్బన్ బిస్కట్ ఎప్పుడూ తలుపే. పల్లీ పట్టీని పెంకులుగా వాడొచ్చు, బరువు మాత్రం చూసుకోవాలి.

నాలుగేళ్ల పిల్లలైతే నాలుగు గోడల జోలికి పోకండి. గ్లూకోజ్ బిస్కట్లు మూడు తీసుకోండి. ఒకటి కింద, రెండు పైన ఒకదానికొకటి ఆనించి. గుడారం ఇల్లు. లేదంటే జ్యూస్ తాగేసిన చిన్న అట్టడబ్బాను కడిగి, బాగా ఆరబెట్టి, దాని చుట్టూ బిస్కట్లు అతికించండి. లోపల డబ్బా ఉంది కాబట్టి పడే ప్రశ్నే లేదు. "ఇది మోసం కదా చిన్నమ్మా" అని మా అక్క కూతురు అంది. మన ఇళ్లకూ లోపల ఇనుప చువ్వలు ఉంటాయమ్మా, అన్నాను.

[గిన్నెలో బెల్లం కరుగుతోంది. జల్లెడలో వడకట్టడం దగ్గరగా]

ఓవెన్ ఉన్నవాళ్లకు అసలు రొట్టె. బెల్లం పొడి 150 గ్రాములు, వెన్న 100 గ్రాములు, తేనె నాలుగు పెద్ద చెంచాలు, నీళ్లు రెండు చెంచాలు. సన్నసెగ మీద కరిగించి తప్పకుండా వడకట్టండి. బెల్లంలో ఇసుక ఉంటే గోడలో అది పంటి కింద తెలుస్తుంది. చల్లారాక 400 గ్రాముల మైదా, రెండు చిన్న చెంచాల శొంఠిపొడి, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగాల పొడి, చిటికెడు ఉప్పు. వంటసోడా పావు చెంచా మించొద్దు. కేకు పొంగాలి, గోడ పొంగకూడదు. పొంగితే అంచులు వంకరపోయి ఒకదానికొకటి కూర్చోవు. ముద్ద పొడిపొడిగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు చల్లుకోండి. కవరు చుట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

తర్వాత బటర్ పేపర్ మీదే అర సెంటీమీటరు మందాన వత్తి, చివర్లో చూపించే కొలతలకు కోసుకున్న అట్టలు పెట్టి, ఆ పేపర్ మీదే ముక్కలు కోయండి. కోసినవాటిని చేత్తో ఎత్తి మరో చోట పెడితే సాగిపోతాయి. చుట్టుపక్కల పిండిని తీసేసి, పేపరుతో సహా ట్రేలోకి జరపండి. 175 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. బయటికి తీయగానే వేడిమీదే మళ్లీ అట్ట కొలత పెట్టి అంచులు సరిచేయండి. రెండు నిమిషాలు ఆగితే గట్టిపడి విరుగుతుంది.

[కోసిన కిటికీ రంధ్రంలో పొడిచేసిన రంగు గోళీలు పోయడం, ఓవెన్ అద్దంలోంచి అవి కరగడం]

కిటికీలకు అద్దాలు కావాలా? గట్టి పిప్పరమెంట్లో, పళ్ల రుచి గోళీలో దంచి, ఆఖరి నాలుగైదు నిమిషాల్లో కిటికీ రంధ్రంలో పోయండి. కరిగి, చల్లారాక రంగు అద్దమైపోతుంది. పూర్తిగా చల్లారేదాకా పేపర్ లాగకండి.

[కాగితం మీద ఇంటి ముఖభాగం బొమ్మ. త్రికోణం మీద 5, 5, 7.07 అంకెలు]

కొలతల దగ్గర ఒక చిన్న లెక్క. ముందు గోడ వెడల్పు 10 సెంటీమీటర్లు, పక్కన ఎత్తు 8, మధ్యలో కొన ఎత్తు 13. అంటే కప్పు మొదలైన చోటు నుంచి కొన దాకా 5 పైకి, సగం వెడల్పు 5 అడ్డంగా. వాలు ఎంత? హైస్కూలు పిల్లలుంటే వాళ్లను అడగండి. ఐదు వర్గం, ఐదు వర్గం, కలిపితే 50, దాని వర్గమూలం ఏడుకు కాస్త ఎక్కువ. చూరు బయటికి రావాలి కాబట్టి కప్పు ముక్క వెడల్పు 8.5 పెట్టాను. పైథాగరస్ సిద్ధాంతం తింటూ నేర్చుకునే అవకాశం మళ్లీ ఎక్కడ వస్తుంది?

[తెల్లని ఐసింగ్ గరిటెకు నిలబడి ఉంది]

ఇప్పుడు సిమెంటు. ఇల్లు నిలిచేదీ కూలేదీ దీని మీదే.

ఒక గుడ్డు తెల్లసొనకు 150 గ్రాముల ఐసింగ్ షుగర్, నాలుగు చుక్కల నిమ్మరసం. గరిటె ఎత్తితే కొన నిటారుగా నిలిచేదాకా గిలక్కొట్టాలి. అందులోని నీరు ఆరేకొద్దీ చక్కెర స్ఫటికాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదే బలం. జారుడుగా ఉంటే ఇంకాస్త చక్కెర వేయండి. మిక్సీలో పట్టిన పంచదార పొడైతే జల్లించండి, లేకపోతే గరుకు పలుకులు కోను మూతికి అడ్డం పడతాయి. గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచకపోతే పైన పొర కట్టేస్తుంది.

పచ్చి గుడ్డు పిల్లలకు పెట్టడం నాకు ఇష్టం ఉండదు, చాలా ఇళ్లలో గుడ్డే రాదు. కాబూలీ శనగలు ఉప్పు లేకుండా ఉడికించిన నీళ్లను మరిగించి, తెల్లసొనంత చిక్కబరచి చల్లార్చండి. మూడు పెద్ద చెంచాలకు 300 గ్రాముల ఐసింగ్ షుగర్‌తో మొదలుపెట్టి, పట్టు చూసుకుని పెంచండి. శనగ వాసన వస్తుందేమో అనుకుంటారు. నిమ్మరసం, వెనీలా పడ్డాక తెలియదు.

తొందరలో ఉంటే మన అమ్మమ్మల సిమెంటు ఒకటి ఉంది: ముదురు పాకం. పల్లీ పట్టీకి పట్టే పాకమే. చుక్క నీళ్లలో వేసి, గట్టిపడ్డాక పళ్లెం మీద వేస్తే టంగుమనాలి. బెల్లం పాకం గాలిలో తేమకు త్వరగా జిగటవుతుంది కాబట్టి దీనికి పంచదారే మేలు. నీళ్లు లేకుండా సన్నసెగ మీద కరిగించి, తేనె రంగు రాగానే గోడ అంచు ముంచి అతికించడమే. క్షణాల్లో పట్టేస్తుంది. కానీ వినండి: ఆ చక్కెర వేడి 160 డిగ్రీలు దాటుతుంది, చర్మానికి అంటుకుంటే ఊడి రాదు. పాకం వాడే రోజు పిల్లలు వంటగదిలోకే రాకూడదు. చన్నీళ్ల గిన్నె పక్కనే పెట్టుకోండి.

[గోడలకు రెండు పక్కలా స్టీలు గ్లాసులు ఆనించి ఉన్నాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది]

మందపాటి అట్ట మీద ఐసింగ్ గీత గీసి, ముందు గోడ, దాని లోపలి వైపు పక్క గోడ, తర్వాత మిగతా రెండూ. స్టీలు గ్లాసులు ఆసరా పెట్టండి. ఫ్యాన్ కింద రెండు మూడు గంటలు ఆరాకే కప్పు. కప్పు జారకుండా చూరు కింద చిన్న డబ్బాలు ఆనించి, రాత్రంతా వదిలేయండి. డిసెంబరు, జనవరిల్లో మన ఊరి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి రాయి. ఇదే పని జూలై వానల్లో చేస్తే చక్కెర తేమ పీల్చి మెత్తబడుతుంది.

[మరుసటి రోజు. నేల మీద దుప్పటి, దాని మీద పిల్లలు. చిన్న గిన్నెల్లో రంగురంగుల సరుకు]

రెండో రోజు. నేల మీద పాత దుప్పటి పరిచి, ఇల్లు మధ్యలో పెట్టండి. జెమ్స్, టుటీ ఫ్రూటీ, రంగు సోంపు, పుట్నాలు, మరమరాలు, నువ్వులు, ఎండుకొబ్బరి పొడి. చిన్నవాళ్లుంటే పల్లీలు, గట్టి గోళీలు పక్కన పెట్టేయండి, గొంతులో అడ్డం పడతాయి. ఏడాది నిండని పాపాయికి తేనె ఉన్న రొట్టె ముక్క కూడా ఇవ్వకండి.

ఐసింగ్ కోనుకు ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. గోరింటాకు కోను చుట్టినట్టే దళసరి ప్లాస్టిక్ కవరును చుట్టి మూతి కత్తిరించండి. మన ఆడపిల్లలకు ఆ పట్టు చూస్తూనే వచ్చేస్తుంది. మంచు కురిసిన కప్పు వేయాలని లేదు. సికింద్రాబాద్‌లో మంచు ఎక్కడిది? మావాళ్లు వాకిట్లో చుక్కల ముగ్గు వేశారు, పుట్నాలతో ప్రహరీ కట్టారు, డాబా మీద నల్ల బిస్కట్‌తో నీళ్ల ట్యాంకు పెట్టారు.

[చిన్నవాడు జెమ్స్ అన్నీ ఒకే గోడకు అతికిస్తున్నాడు. "ఇటు కూడా పెట్టు నాన్నా" అని పక్కనుంచి ఒక పెద్దాయన. చిన్నవాడు: "ఇది నా ఇల్లు తాతా!"]

తాతగారికి జవాబు దొరికింది. ఈ రోజు పెద్దవాళ్ల చేయి ఇంటి మీద పడకూడదు. వంకరగా ఉన్న గీతను మీరు సరిచేశారంటే, ఆ తర్వాత పిల్లలు ప్రతి గోళీకీ మీ మొహం చూస్తారు.

[పెద్ద తాంబాళంలో నీళ్లు, మధ్యలో బోర్లించిన గిన్నె, దాని మీద ఇల్లు]

ఇక చీమలు. ఇది హైదరాబాద్, రాత్రికి రాత్రి గుమ్మం ముందు బారులు తీరతాయి. తాంబాళంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద ఇల్లు పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తేమకు మెత్తబడుతుంది.

ఎప్పుడు తినాలి? స్వీడన్‌లో క్రిస్మస్ చెట్టు తీసేసే రోజు జనవరి 13. ఆ రోజే పిల్లలు ఇల్లు పగలగొట్టి తినేస్తారు. మనకు భోగి కూడా దాదాపు అప్పుడే, పాతది వదిలించుకునే పండగే. కానీ డిసెంబరులో కట్టింది అన్నాళ్లు దుమ్ములో ఉంటే నేను తిననివ్వను. మూడు నాలుగు రోజుల్లో పగలగొట్టండి, లేదా సంక్రాంతి సెలవుల్లోనే కట్టి భోగినాడు కొట్టండి. గట్టిపడిన గోడ ముక్కలు పెద్దవాళ్లు చాయ్‌లో, పిల్లలు పాలలో ముంచుకుంటే సరి.

[కొలతల కార్డు తెర మీద]

ముందు, వెనక గోడలు 10 వెడల్పు, 8 ఎత్తు, కొన 13. పక్క గోడలు రెండు, 12కు 8. కప్పు ముక్కలు రెండు, 14కు 8.5. అన్నీ సెంటీమీటర్లే. స్క్రీన్‌షాట్ తీసుకుని పాత క్యాలెండర్ అట్ట మీద గీసుకోండి. పిండి మిగులుతుంది, దాంతో మనుషుల్ని, ఒక మేకను చేసుకోండి.