వంటగదిలో వెలుగు: రంగుల ఎపిసోడ్ అనుకున్నది

మాధవి: నమస్తే. ఈసారి రంగులు. మాట ఇచ్చాం కాబట్టి రంగులే. వంటగది చీకటిగా ఉంది, గోడలు పగలగొట్టే ఓపిక లేదు, అల్మరాలు మార్చేది లేదు. ఉన్నదాని మీద రంగు మారిస్తే ఎంత తేడా వస్తుంది, అదీ సంగతి. కిరణ్, నువ్వు వైర్ల జోలికి పోవద్దు.

కిరణ్: పోను అక్కా.

మాధవి: పన్నెండో ఎపిసోడ్‌లో కూడా ఇదే మాట అన్నావు.

కిరణ్: అది డ్రైవర్ పెట్టె వల్ల జరిగింది, ఇంటి కరెంటును ఎల్‌ఈడీలకు సరిపడా తగ్గించే ఆ పెట్టె వల్ల.

మాధవి: డ్రైవర్ పెట్టె మాట ఎత్తకు. సరే, మొదలుపెడదాం. అన్నిటికంటే ముందు జిడ్డు.

కిరణ్: జిడ్డు, ఒకటి. అక్క ఆ మాట ఎన్నిసార్లంటుందో లెక్కపెట్టేవాళ్లు మొదలుపెట్టేసుకోండి.

మాధవి: పెట్టుకోనీ. పొయ్యికి దగ్గరగా ఉన్న తలుపులు, చిమ్నీ పక్క పలకలు, హ్యాండిల్ చుట్టూ జాగా, ఈ మూడు చోట్లా కంటికి కనపడని జిడ్డు పొర ఉంటుంది. దాని మీద ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, వేస్తే చిన్న చిన్న గుంటలు పడి విడిపోతుంది, రంగు పట్టదు. పట్టినట్టు కనపడినా గోరు తగిలితే పెచ్చు లేస్తుంది. జిడ్డు తీసే ద్రావణం కొట్టి ఐదు నిమిషాలు వదలాలి, తుడవాలి, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడవాలి. ఆ రెండోది చాలామంది ఎగ్గొడతారు. ద్రావణం మిగిలిపోయినా రంగు పట్టదు. పూర్తిగా ఆరాక 120 నంబరు గరుకు కాగితం, ఆ తర్వాత 220. లామినేట్ తలుపైతే మెరుపు చచ్చేదాకానే రుద్దాలి, పొర తెగేదాకా కాదు. ఆ పైన నున్నటి ఉపరితలాలకు పట్టే బాండింగ్ ప్రైమర్, దాని మీద రెండు పల్చటి పూతలు. ఒక్క మందపాటి పూత వేస్తే అంచుల్లో కారుతుంది.

కిరణ్: అంతా బాగుంది. తలుపులు తెల్లగా మెరుస్తున్నాయి. ఇప్పుడు రాత్రి ఏడింటికి గట్టు ముందు నిలబడి కత్తి పట్టుకుంటే పలక మీద ఏం కనపడుతుంది?

మాధవి: వద్దు.

కిరణ్: ఒక్క నిమిషం. నీడ కనపడుతుంది! చాలా వంటగదుల్లో లైటు గది నడిమధ్యన, సీలింగుకు ఉంటుంది. మనిషి గట్టు వైపు తిరిగితే లైటు వీపు వెనక పడుతుంది. అప్పుడు గట్టు మీద చీకటి ఆ మనిషిదే. చాలామంది ఏం చేస్తారు? పైన పెద్ద బల్బు పెడతారు. నీడ ఎక్కడికీ పోదు. నీడకూ పక్కనున్న వెలుగుకూ తేడా కంటికి ఇంకా గట్టిగా కొడుతుంది. వెలుగు తక్కువ కావడం ఒక జబ్బు, తప్పు చోట ఉండడం ఇంకో జబ్బు. ఎక్కువ ఇళ్లలో ఉన్నది రెండోది.

మాధవి: ఇది ఒప్పుకుంటాను. అందుకే పై అల్మరా కింద స్ట్రిప్, అంటే ఎల్‌ఈడీ లైట్ల పట్టీ, పెట్టమంటాం. అయిపోయింది. రంగులు.

కిరణ్: ఎక్కడ పెట్టాలి?

మాధవి: కిందే. వెనక, గోడ మూలన.

కిరణ్: ముందు అంచున!

మాధవి: గోడ మూలనే కిరణ్. గోడ టైల్స్ వెలిగితే గది మొత్తం వెలిగినట్టుంటుంది. కంటికి ఎదురుగా ఉండేది గోడ, గట్టు కాదు.

కిరణ్: కొలతలు పెట్టుకుందాం. గట్టు లోతు 60 సెంటీమీటర్లు. పై అల్మరా లోతు 30 నుంచి 35. గట్టుకూ అల్మరా అడుక్కూ మధ్య ఎత్తు ఒక 50 అనుకుందాం. కోసే పలక ఎక్కడ పెడతాం? ముందు సగంలో. స్ట్రిప్ గోడ మూలన ఉంటే అక్కడికి వెలుగు వాలుగా, పల్చబడి చేరుతుంది. గోడ పక్కన ఉప్పు డబ్బా ధగధగా మెరుస్తుంది, కత్తి కింద మసక. పైగా కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి ఆ స్ట్రిప్ నేరుగా గుచ్చుకుంటుంది.

మాధవి: ముందు అంచున పెడితే గుచ్చుకోదా?

కిరణ్: అల్మరా కింద ముందు వైపు మూడు నాలుగు సెంటీమీటర్ల అడ్డపట్టీ ఉంటే దాని వెనక దాక్కుంటుంది. లేకపోతే ఒక పట్టీ కొట్టించండి.

మాధవి: గట్టు నల్లటి గ్రానైటు, అద్దంలా పాలిష్. అప్పుడు?

కిరణ్: అప్పుడు... అప్పుడు చుక్కలు కనపడతాయి.

మాధవి: వినపడలేదు.

కిరణ్: చుక్కలు కనపడతాయి అక్కా! ఒక్కో ఎల్‌ఈడీ ఒక్కో చుక్కలా గట్టులో ప్రతిబింబిస్తుంది. దానికి రెండు మందులు. ఒకటి సీఓబీ స్ట్రిప్. చిప్పులు దగ్గర దగ్గరగా, పైన పూత ఒకే గీతగా ఉంటుంది, చుక్కలుండవు. రెండోది అల్యూమినియం ప్రొఫైల్, అంటే స్ట్రిప్‌ను లోపల అంటించే గాడి, దానికి పాలరంగు మూత. ఆ మూత వెలుగులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మింగేస్తుంది. ఇది లెక్కలో వేసుకోకుండా స్ట్రిప్ కొని, తర్వాత మసకగా ఉందని తిట్టుకుంటారు.

మాధవి: లెక్క చెప్పెయ్. నువ్వెలాగూ ఆగవు.

కిరణ్: కోసే చోట 500 లక్స్ పెట్టుకోండి, లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద వాలే వెలుగు. గట్టు 3 మీటర్లు పొడవు, 60 సెంటీమీటర్లు లోతు, అంటే 1.8 చదరపు మీటర్లు. 1.8ని 500తో గుణిస్తే 900 ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు. అవి గట్టు మీద వాలాల్సినవి. దారిలో గోడకూ పక్కలకూ సగం పోతుందనుకుంటే ప్రొఫైల్ మూత దాటి 1800 బయటికి రావాలి, మీటరుకు 600. మీటరుకు 9.6 వాట్ల మంచి స్ట్రిప్ దాదాపు 950 ఇస్తుంది, మూత మింగాక 650 చిల్లర. సరిపోయింది. 4.8 వాట్లది తెస్తే గూట్లో దీపం పెట్టినట్టుంటుంది.

మాధవి: ఫోన్‌లో లక్స్ చూసే యాప్‌లు?

కిరణ్: అంకెను నమ్మొద్దు, తేడాను నమ్మండి. ముందూ తర్వాతా ఒకే ఫోన్‌తో, ఒకే చోట పలక మీద పెట్టి చూడండి.

మాధవి: సరే, స్ట్రిప్ వెనక అంటుకునే టేపు గురించి నేను చెప్తాను.

కిరణ్: వస్తోంది...

మాధవి: జిడ్డు. అల్మరా అడుగు ఇంట్లో ఎవ్వరూ తుడవని చోటు. పొయ్యి ఆవిరంతా అక్కడికే చేరుతుంది. దాని మీద టేపు అంటిస్తే కొన్నాళ్లకు ఒక కొన జారి వేలాడుతుంది. జనం టేపును తిడతారు. ముందు జిడ్డు ద్రావణం, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇంకో మాట, అల్మరా అడుగు పార్టికల్ బోర్డు పచ్చిగా వదిలేసి ఉంటే అది పొడి రాలుస్తుంది, టేపు నిలవదు. అక్కడ ప్రొఫైల్‌ను క్లిప్పులతో, మరలతో బిగించాలి. మర పొడవు బోర్డు మందం కన్నా తక్కువుండాలి. లేకపోతే లోపల పళ్లేల కింద మొన పొడుచుకొస్తుంది.

కిరణ్: ప్రొఫైల్ అందం కోసం కాదు, అదీ చెప్పాలి. వేడిని లాగేస్తుంది. కర్రకు నేరుగా అంటించిన స్ట్రిప్ వేడెక్కి తొందరగా మసకబారుతుంది. సరే, అసలు రాజీ మార్గం నా దగ్గరుంది. 45 డిగ్రీల ప్రొఫైల్. ముందు అంచున పెట్టి, ముఖం గోడ వైపు వాల్చాలి. గట్టూ వెలుగుతుంది, నీ గోడా వెలుగుతుంది.

మాధవి: టైల్స్ మెరుపువైతే?

కిరణ్: గోడలో ఒక గీత కనపడుతుంది.

మాధవి: అంటే రాజీ కాదు.

కిరణ్: గరుకు టైల్స్ ఉన్నవాళ్లకు రాజీ. మెరుపు టైల్స్ వాళ్లు ముఖం కిందికి పెట్టుకోండి. ముందు అంచున!

మాధవి: [నవ్వు] దీని మీద ఉత్తరాలొస్తాయి. నేను గోడ పక్షమే. కానీ కోసే పని ఎక్కువుండే గట్టుకు నీది, సింకు వెనక గోడకు నాది. ఇంతకన్నా దిగను.

కిరణ్: ఇప్పుడు 12 వోల్టులా, 24 వోల్టులా?

మాధవి: గడియారం చూశావా?

కిరణ్: 24. ఎందుకంటే 3 మీటర్లు, 9.6 వాట్లు, మొత్తం 28.8 వాట్లు. 12 వోల్టుల మీద అది 2.4 ఆంపియర్లు, 24 మీద 1.2. స్ట్రిప్‌లో రాగి కాగితమంత పల్చన. కరెంటు సగమైతే ఆ రాగిలో వృథా అయ్యేది నాలుగో వంతుకు పడిపోతుంది. 12 వోల్టుల 5 మీటర్ల చుట్టను ఒక కొసనుంచే ఇస్తే రెండో కొస మసకబారుతుంది. ఒక తేడా ఏంటంటే, 24ది ఎక్కడపడితే అక్కడ కత్తిరించలేం. మీటరుకు 60 ఎల్‌ఈడీల రకంలో 12 వోల్టులది 5 సెంటీమీటర్లకో గుర్తుంటుంది, 24ది 10 సెంటీమీటర్లకు. అల్మరా పొడవుకు కొలిచి కొనేటప్పుడు అది చూసుకోండి.

మాధవి: మధ్యలో చిమ్నీ అడ్డం వస్తే?

కిరణ్: రెండు ముక్కలు చెయ్యాలి. ఒక ముక్క కొసనుంచి ఇంకో ముక్కకు లాగొద్దు, డ్రైవర్ దగ్గర్నుంచి రెండిటికీ విడివిడిగా 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగండి. పొయ్యి పైన స్ట్రిప్ వద్దు, అక్కడ చిమ్నీ లైటు చాలు. కీళ్లకు నొక్కే క్లిప్పులు వాడితే ఆవిరికీ వేడికీ వదులై లైటు మిణుకుమంటుంది. టంకం పెట్టండి. సింకు పైన నీటి చిందులను తట్టుకునే ఐపీ65 రకం. అంటించకముందే వెలిగించి చూడండి, కానీ చుట్టగా ఉన్నప్పుడు ఎక్కువసేపు వెలిగించొద్దు, వేడి బయటికి పోదు. వెలగలేదా, ప్లస్ మైనస్ తిరగేసి ఉంటారు.

మాధవి: డ్రైవర్?

కిరణ్: నువ్వే అన్నావు ఎత్తొద్దని.

మాధవి: నేను ఎత్తొచ్చు. చెప్పు.

కిరణ్: లోడు ఎనభై శాతం దాటొద్దు. 28.8ని 0.8తో భాగిస్తే 36 వాట్ల డ్రైవర్. పై అల్మరా నెత్తిన, గాలి ఆడే చోట పెట్టండి. చిమ్నీ గొట్టం పక్కన మూసిన గూట్లో పెడితే వేడికి చస్తుంది. ఇక ఇక్కడ వేళాకోళం లేదు. డ్రైవర్ తర్వాత ఉన్న వైరుతో మీరు ఎంతైనా కుస్తీ పట్టండి. డ్రైవర్ ముందున్నది ఇంటి కరెంటు. ఎంసీబీ దించండి, టెస్టర్‌తో చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకోండి. స్విచ్చు ఆపితే చాలనుకోవద్దు, స్విచ్చు న్యూట్రల్‌లో వేసిన ఇళ్లున్నాయి. అక్కడ లైటు ఆరుతుంది, వైరు మాత్రం కొడుతుంది. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మాధవి: ఇది మాత్రం నిజం.

కిరణ్: ఇక కెల్విన్లు, వెలుగు పసుపో తెలుపో చెప్పే అంకె...

మాధవి: అది నాది. 6500 వద్దు. గట్టు మీద ఉన్నవన్నీ పాలిపోయి నీలంగా కనపడతాయి. 4000 పెట్టండి, గది పక్కన హాలు కలిసిపోయి అక్కడ 3000 ఉంటే ఇక్కడా 3000. ఏదైనా ఫరవాలేదు, సీలింగ్ లైటూ స్ట్రిప్పూ ఒకటే ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు ఉంటే ఎంత ఖర్చుపెట్టినా మురికిగా కనపడుతుంది. సీఆర్‌ఐ, అంటే లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె, 90 పైన. ఆర్9 అని విడిగా రాసి ఉంటే అదీ చూడండి, ఎరుపు ఎంత నిజంగా కనపడుతుందో అది చెప్తుంది. 80 సీఆర్‌ఐ లైటు కింద ఎరుపు గోధుమలోకి దిగిపోతుంది. వంటగదిలో దానికన్నా నష్టం లేదు.

కిరణ్: వెలుగు తగ్గించే డిమ్మర్ పెట్టుకుంటే, ఫోన్ కెమెరాతో చూసినప్పుడు చారలు కదిలితే అది మిణుకుతోందని అర్థం.

మాధవి: సరే. రంగులు. మనకెంత మిగిలింది?

కిరణ్: పెద్దగా లేదు.

మాధవి: [నిట్టూర్పు] గబగబా. షేడ్ కార్డు మీద ఎల్‌ఆర్‌వీ అని అంకె ఉంటుంది, పడ్డ వెలుగులో ఎంత శాతం తిరిగొస్తుందో అది. సీలింగ్ 80 పైన. గోడలు 60, 70 మధ్య. పై తలుపులు గోడకు దగ్గరి షేడు, కింది తలుపులు ముదురైనా నష్టం లేదు, వెలుగు అక్కడ ఎలాగూ తక్కువే చేరుతుంది. మెరుపు ఎక్కువైతే గరిటె మరకా, గోడ ఒంపూ అన్నీ కనపడతాయి, కొద్దిపాటి మెరుపుండే సాటిన్ చాలు. కిటికీ ఉంటే దాని చుట్టూ గోడ మందం, ఆ లోపలి అంచులు, తెల్లగా వెయ్యండి. రెండు గంటల పని, పగటి వెలుగు గదిలోకి మళ్లేది అక్కడే. కిటికీ గూట్లో సీసాలు పెట్టకండి. దోమతెర విప్పి కడగండి. దాని కన్నాల్లో పేరుకునేది దుమ్మొక్కటే కాదు...

కిరణ్: చెప్పెయ్, చెప్పెయ్.

మాధవి: జిడ్డు. దుమ్మూ జిడ్డూ కలిసి పేస్టవుతాయి.

కిరణ్: కిటికీ పక్కనున్న ఒక్క పై అల్మరా తీసేస్తే? ఏ రంగూ ఇవ్వనంత వెలుగొస్తుంది.

మాధవి: తీసేస్తే అందులో సామాను ఎక్కడ పెడతారు?

కిరణ్: తలుపు ఒక్కటీ తీసేసి గాజు పలక బిగించుకోవచ్చు కదా.

మాధవి: గాజు పెడితే లోపలి సామాను కనపడుతుంది, దాని వల్ల వెలుగేమీ రాదు. వెనక పలక గోడే కదా, వెలుగు ఎక్కడ్నుంచి వస్తుంది?

కిరణ్: లోపల తెల్ల రంగేసి ఒక చిన్న స్ట్రిప్...

మాధవి: లేదు. ఇవాళ్టికి ఇంకో స్ట్రిప్ లేదు.

కిరణ్: నిలువుగా, పక్క పలకకు, అర మీటరు చాలు...

మాధవి: ఆపేస్తున్నాను. నిజంగానే ఆపేస్తున్నాను.

కిరణ్: ముందు అంచున పెడితే...