432లో మహిమ లేదు... మహిమంతా థంబ్‌నెయిల్‌లోనే!

ఆగండి ఆగండి, ఆ హెడ్‌ఫోన్స్ ఒక్క నిమిషం తీసి ఇది వినండి. రోజూ రాత్రి పెట్టుకుని పడుకుంటున్నారే, ఆ "432 హెర్ట్జ్" పాట, దాంట్లో ప్రకృతీ లేదు, విశ్వమూ లేదు. ఒక అంకె ఉంది. అంతే!

గొడవ మీకు తెలిసిందే. వాద్యాలు శ్రుతి చేసుకునే "ఎ" స్వరం సెకనుకి 440 సార్లు కంపించాలన్నది ఇప్పటి ప్రమాణం. కాదు కాదు, 432 అయితేనే మనసుకి శాంతి, 440ని హిట్లర్ మనుషులు మనకి టెన్షన్ పుట్టించడానికే అంటగట్టారు అని ఓ కథ తిరుగుతోంది. నాకు ఇప్పటికి ఎంతమంది ఫార్వర్డ్ చేశారో లెక్కే లేదు.

బాబూ, హిట్లర్ పుట్టింది 1889లో. 440 పెట్టుకుందాం అని జర్మనీలో, స్టుట్‌గార్ట్ సభలో ప్రతిపాదించింది 1834లో! అంటే పుట్టకముందే కుట్ర చేశాడా? ఆ ప్రతిపాదన తెచ్చిన షైబ్లర్ అసలు పట్టు వ్యాపారి. పట్టు అమ్ముకునే మనిషి 50కి పైగా శ్రుతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు) ముందేసుకుని, ఒకదాని పక్కన ఒకటి మోగిస్తూ కంపనాలు లెక్కగట్టాడు. ఇలాంటి మనిషి గురించి ఒక్కరూ వీడియో చేయరు. కుట్ర అంటే మాత్రం లక్షల వ్యూస్!

సరే, 1939లో లండన్‌లో సమావేశం పెట్టి 440 ఖాయం చేశారు కదా, అది అనుమానంగా లేదా అంటారు. అక్కడ జరిగింది వింటే నవ్వొస్తుంది. అప్పటికి బ్రిటన్‌లో వాడుతున్నది 439. మరి 439 ఎందుకు వద్దన్నారు? అది ప్రధాన సంఖ్య (ప్రైమ్ నంబర్) కాబట్టి! బీబీసీ శ్రుతి స్వరాన్ని స్ఫటికంతో తయారుచేసేది. సెకనుకి పది లక్షల కంపనాలు. దాన్ని 1000కి దించి, 11తో హెచ్చవేసి, 25తో భాగిస్తే 440 వస్తుంది. 439ని దేనితోనూ భాగించలేం, ఆ పద్ధతిలో రాదు. ఇదీ మీ మహా కుట్ర. ఎక్కాల పుస్తకం!

ఇంకా అసలు పాయింట్‌కి రాలేదు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు అని. ఆ సెకను ఎవరిది? మనిషిది. రోజుని 24 గంటలు, 60 నిమిషాలు, 60 సెకన్లుగా కోసుకున్నది మనమే. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, రోజుకి 10 గంటలు, గంటకి 100 నిమిషాలు, నిమిషానికి 100 సెకన్లు అని చట్టమే చేశారు. ఆ గడియారం నిలబడి ఉంటే మీ పవిత్రమైన 432 ఇవాళ సుమారు 373 అయ్యేది. అదే శబ్దం, అదే తీగ! అప్పుడు "373 విశ్వనాదం" అని పెట్టేవాళ్ళు, మనం కళ్ళు మూసుకుని అదే వినేవాళ్ళం.

"కానీ నాకు నిజంగా హాయిగా ఉంటోంది" అంటారా? ఉంటుంది! పాత పాటని కాస్త నెమ్మదిగా తిప్పి 432కి దించితే, నాలుగు నిమిషాల పాట ఇంకో నాలుగున్నర సెకన్ల దాకా ఎక్కువ సాగుతుంది. గొంతు కొంచెం బరువెక్కుతుంది. దానికి తోడు పైన "కళ్ళు మూసుకోండి, గాఢంగా ఊపిరి తీసుకోండి" అని రాసి ఉంటుంది. నా సిద్ధాంతం ఇదే: పని చేసేది ఆ వాక్యం. ఫోన్ పక్కన పడేసి పది నిమిషాలు కదలకుండా పడుకుంటే కుక్కర్ విజిల్ విన్నా శాంతే వస్తుంది. 2019లో ఇటలీ పరిశోధకులు 432తో గుండె వేగం కాస్త తగ్గిందన్నారు, నిజమే. ఎంతమందితో చేశారు? 33 మందితో. పోయిన వీడియో కింద నన్ను తిట్టినవాళ్ళే అంతకంటే ఎక్కువ!

నమ్మకపోతే పరీక్ష పెట్టుకోండి. ఒకే పాట, రెండు ఫైళ్ళు. పేర్లు కనబడకుండా వేరేవాళ్ళని ప్లే చేయమనండి. వాల్యూమ్ మాత్రం రెండిటికీ సమానంగా ఉండాలి, ఎందుకంటే రవ్వంత ఎక్కువున్నదే చెవికి బాగుంటుంది. ఏ పాటలు పోల్చినా ఈ చిట్కా మర్చిపోకండి.

నేను చేశా. మా ఫ్రెండ్ ప్లే చేశాడు. మొదటిది విన్నా, రెండోది విన్నా. "రెండోదిరా, ఎంత మెత్తగా ఉందో, ఇదే 432" అని గట్టిగా చెప్పా. వాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. రెండుసార్లూ ఒకే ఫైలు వేశాడట, వెధవ.