పీడీఎఫ్‌లో అక్షరం అక్షరంగా ఉండాలి

(విజయవాడలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక డీటీపీ ఆపరేటర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, గ్రంథాలయ సిబ్బందికి, పోటీ పరీక్షల పుస్తకాలు కాసేపు పక్కనపెట్టి వచ్చిన పిల్లలకు, వెనక వరసలో ఉన్న నెట్ సెంటర్ మిత్రులకు పేరుపేరునా నమస్కారాలు. 'పీడీఎఫ్‌లతో పని: కొన్ని మెళకువలు' అని కరపత్రంలో వేశారు. మెళకువలు చెబుతాను. అంతకన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మన బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగింది పుస్తకం జనానికి అందాలని. ఇవాళ పుస్తకం ఫోన్లోకే వచ్చింది. కానీ అందులో ఒక మాట వెతికితే దొరకదు. నా బాధ అదీ.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. ఏ కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటరుకు పంపినా పేజీ ఒకేలా కనబడాలన్నది ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ ఆలోచన. 2008లో అది అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణం అయింది. అయితే అది హామీ ఇచ్చేది కనబడటం వరకే. లోపల అక్షరాలున్నాయా, వట్టి బొమ్మ ఉందా అన్నది తయారుచేసేవాళ్లే చూసుకోవాలి.

తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ మా సెంటరుకు వచ్చారు. రిటైరైన తెలుగు టీచరు. భర్త రాసిన పద్యాల పుస్తకం పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. వేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. కొన్ని పద్యాలు కలిపి మళ్లీ వేయించాలని ఆవిడ కోరిక. "ముందు మా పెద్దమ్మాయి పెళ్లికి చెప్పిన పద్యం తియ్యి నాయనా" అన్నారు. కంట్రోల్ ఎఫ్ నొక్కి 'కల్యాణ' అని కొట్టాను. లేదంది. పేజీలు తిప్పుకుంటూ పోతే ఆ పద్యం దొరికింది, అందులో ఆ మాటా ఉంది! ఆ పాదాన్ని కాపీ చేసి వర్డ్‌లో వేస్తే ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తు, బ్రాకెట్లు, మధ్యలో ఖాళీ డబ్బాలు. ఆవిడ మానిటర్ దగ్గరికి వంగి చూసి, "ఇది మావారు రాసింది కాదు" అన్నారు.

ఆ పుస్తకం పేజ్‌మేకర్‌లో చేసింది. పేజీలు కట్టే ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లన్నిటికీ ఒకటే సంఖ్య ఇచ్చే పద్ధతి, రాదు. పాత ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు పెట్టారు. చూడటానికి తెలుగు, లోపల ఇంకేదో. ఆ ఫాంట్లే మా అందరికీ అన్నం పెట్టాయి, వాటిని తప్పుపట్టను. ఆనాటి పేజ్‌మేకర్ ఫైలున్నా కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చేవాణ్ణి. అదీ లేదు. ఆవిడ మధ్యాహ్నాలు వచ్చి పక్కన కూర్చుని చదివేవారు, నేను కొట్టేవాణ్ణి. అరసున్న ఎగిరిపోతే అక్కడే ఆపేవారు. పుస్తకమంతా అలా మళ్లీ కొట్టాం. అందరికీ అలా చదివిపెట్టే మనిషి ఇంట్లో ఉంటారా?

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు. అయినా ఇప్పటికీ కొన్ని కొత్త పుస్తకాలు పాత పద్ధతిలోనే వేస్తున్నారు. ఒక ఆఫీసులో నేను కళ్లారా చూశాను. చక్కగా కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఉత్తర్వును ప్రింట్ తీసి, ముద్ర కొట్టి, వంకరగా స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టారు. సంతకం కావాలంటే డిజిటల్ సంతకం ఉంది కదా! అయ్యా, చూపు లేని విద్యార్థులకు ఫోనే చదివి వినిపిస్తుంది. బొమ్మను పెడితే అదేం చదువుతుంది? ఒక్కసారి ఆలోచించండి.

ఇక మెళకువలు. పీడీఎఫ్ చేయగానే ఒక మాట వెతికి చూడండి, ఒక పేరా కాపీ చేసి చూడండి. యూనికోడ్‌లో చేసినా ఒత్తులు ఒక్కోసారి చెదురుతాయి. కాబట్టి మూల ఫైలును, అంటే మీరు మొదట కొట్టిన ఫైలును, పీడీఎఫ్‌తో పాటు దాచుకోండి. మూల ఫైలు లేని పీడీఎఫ్ తాళంచెవి పోయిన బీరువా. వర్డ్ లాంటిదే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అన్న ఆప్షన్ ఉంటుంది. అది టిక్ చేస్తే మూల ఫైలు పీడీఎఫ్ కడుపులోనే ఉండిపోతుంది, మళ్లీ తెరిచి దిద్దుకోవచ్చు. ఎంతమంది వాడుతున్నారు చెప్పండి? చాలాకాలం దాచాల్సిన వాటికి అందుకోసమే ఉన్న పీడీఎఫ్/ఏ రకం ఎంచుకోండి, ఫాంట్లు ఫైల్లోనే ఉంటాయి.

పాత పుస్తకం స్కాన్ చేస్తే 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలకు, తగ్గొద్దు, పేజీ నిటారుగా ఉండాలి. కొన్ని పేజీల చొప్పున గూగుల్ డ్రైవ్‌లో వేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు బయటికొస్తాయి. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికీ తెలుగు వచ్చు. ఏదైనా ప్రూఫ్ చూడకుండా నమ్మొద్దు.

పిల్లలూ, మీకొక మాట. సైజు తగ్గించడానికి ఆధార్‌ను ఏదో ఒక వెబ్‌సైట్లో ఎక్కించకండి. డౌన్‌లోడ్ చేసుకునే ఇ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మిమ్మల్ని తెలిసినవాళ్లెవరైనా తెరవగలరు. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ చెల్లే చోట అదే ఇవ్వండి. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల డబ్బా గీస్తే కింద అంకెలు పోవు, కాపీ చేస్తే వచ్చేస్తాయి. సర్టిఫికెట్లు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అక్షరం అలుక్కుపోదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తున్నాను. ప్రెస్సు మిత్రులారా, మీ అటకల మీద పాత సీడీలుంటే పాత సామాన్లవాడికి వేయకండి. అందులో పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటున్నా ఒక పుస్తకం దక్కుతుంది. ఈ గ్రంథాలయంలో కంప్యూటరుంది, ఆదివారాలు నేను వచ్చి కూర్చుంటాను. ఫైళ్లు తీసుకురండి, కన్వర్టరుతో మారుద్దాం. ప్రూఫు చూడటానికి తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలి. ఇష్టమున్నవాళ్లు సభ కాగానే లైబ్రేరియన్‌గారి దగ్గర పేరు రాయించండి.