లైవ్‌లో వాక్యం వింటున్నాం కదా, మళ్ళీ సంఘానికి వెళ్ళాలా?

అందరికీ వందనాలు. "ప్రసంగాలు యూట్యూబ్‌లో వింటున్నాం, పాటలు ఫోన్‌లోనే ఉన్నాయి, ప్రార్థన ఇంట్లో చేసుకుంటున్నాం. ఆదివారం వెళ్ళకపోతే ఏమవుతుంది?" ఇలా అడిగేవాళ్ళంతా భక్తి సన్నగిల్లినవాళ్ళేం కాదు. అందుకే కసురుకోకుండా జవాబు వెతుకుదాం.

[స్క్రీన్ మీద: హెబ్రీయులకు 10:24-25]

ఈ ప్రశ్న రాగానే "సమాజముగా కూడుట మానక" అన్న ముక్క ఒక్కటే తీసి చెప్తుంటారు. అంతవరకే వింటే హాజరు వేయించుకోమన్నట్టు ఉంటుంది. అదే వాక్యంలో మిగతాది కూడా చదవండి. "ప్రేమ చూపుటకును సత్కార్యములు చేయుటకును ఒకనినొకడు పురికొల్పవలెనని ఆలోచింతము." అక్కడికి వెళ్తే నాకేం దొరుకుతుంది అని లెక్క వేయమనడం లేదు. పక్కనున్న మనిషిని ఎలా నిలబెట్టాలో ఆలోచించమంటున్నాడు ఈ మాటలు రాసినాయన. మనం రాకపోతే నష్టం మనకొక్కరికే కాదు, ఆరోజు మన పలకరింపు అవసరమైన మనిషికి కూడా.

ఇంకో సంగతి. ఈ పత్రిక, అంటే ఈ ఉత్తరం, అందుకున్నవాళ్ళు మెత్తని మనుషులు కారు. అదే అధ్యాయం కాస్త కిందికి చదివితే తెలుస్తుంది. నిందలు పడ్డారు, ఆస్తి పోయినా సంతోషంగా ఓర్చుకున్నారు, ఖైదులో ఉన్నవాళ్ళ కష్టం పంచుకున్నారు. అంత చూసినవాళ్ళలోనే కొందరు కూడికలు మానేశారు! కాబట్టి తప్పంతా ఫోన్ల మీదికి నెట్టేయలేం.

[స్క్రీన్ మీద: అపొస్తలుల కార్యములు 28:15, రోమాకు వెళ్ళే దారి మ్యాప్]

ఇప్పుడు అపొస్తలుడైన పౌలును చూడండి. ఖైదీగా రోమాకు వెళ్తున్నాడు. అంతకుముందే, సముద్రంలో తుఫాను మధ్య, దేవదూత అతని దగ్గర నిలబడి భయపడవద్దన్నాడు, కైసరు, అంటే రోమా చక్రవర్తి, ఎదుట నిలుస్తావని చెప్పాడు. మామూలుగా అయితే అంతకన్నా ధైర్యం ఎవరు చెప్పాలి? అయినా రోమాలోని సహోదరులు కొందరు దాదాపు 65 కిలోమీటర్లు ఎదురొచ్చి అప్పీయా సంతపేట దగ్గర కలిసినప్పుడు ఏం జరిగిందో ఈ పుస్తకం రాసిన లూకా చెప్పాడు. పౌలు "వారిని చూచి" దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడట. వాళ్ళు ప్రసంగం చేశారని లేదు, ఏం మాట్లాడారో కూడా లేదు. వచ్చారు, కనబడ్డారు. నాకైతే ఈ అంశం మీద బైబిల్లో ఇంతకన్నా బలమైన వచనం లేదనిపిస్తుంది.

లైవ్‌కి ఉన్న ఇబ్బంది అక్కడే. పాస్టర్ గారు మనకు కనబడతారు, మనం ఎవరికీ కనబడం. మన ముఖం వాడిపోయిందని గమనించి, ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి "ఏమైందమ్మా?" అని అడిగేవాళ్ళు స్క్రీన్‌లో ఉండరు.

[స్క్రీన్ మీద: క్రీ.శ. 304, అబితినే]

ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి ట్యునీషియా ప్రాంతంలోని అబితినేలో 49 మంది క్రైస్తవులు పట్టుబడ్డారు. డయోక్లీషియన్ చక్రవర్తి కూడికలు నిషేధించాక కూడా ఒక ఇంట్లో ఆరాధనకు చేరడమే వాళ్ళ నేరం. విచారణలో ఎమెరిటస్ అనే ఆయన, ప్రభువు దినపు ఆరాధన లేకుండా మేము ఉండలేం అన్నాడు. వాళ్ళలా చావుకు సిద్ధపడమని ఎవరినీ అనడం లేదు. ఆదివారం వాళ్ళకు తీరిక ఉంటే చూసుకునే పని మాత్రం కాదు.

మరి మంచం పట్టినవాళ్ళు, ఆదివారం కూడా డ్యూటీ ఉన్నవాళ్ళు? వాళ్ళ మీద ఆ హెబ్రీయుల వచనం విసరకండి. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత ఆదివారపు కూడిక గురించి రాస్తూ, రాలేనివాళ్ళ ఇళ్ళకు పరిచారకులు ప్రభువు బల్లలోని భాగం తీసుకెళ్ళేవారని చెప్పాడు. వాళ్ళు రాలేకపోతే సంఘమే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అలాంటివాళ్ళకు లైవ్ నిజంగా మేలే, కానీ లింక్ పంపేసి మన బాధ్యత తీరిపోయిందనుకోకూడదు.

సంఘంలోనే గాయపడి దూరమైనవాళ్ళు ఇంకో రకం. వాళ్ళకు సమయం కావాలి, వినేవాళ్ళు కావాలి. అవసరమైతే వేరే సంఘం వెతుక్కోవడం కూడా తప్పు కాదు.

మీ కూడికలో కొన్ని వారాలుగా కనబడని మనిషి ఒకరైనా గుర్తొస్తున్నారా? వీడియో ఆపేసి ఫోన్ చేయండి. "ఎందుకు రావట్లేదు?" అని మాత్రం మొదలుపెట్టకండి. "ఎలా ఉన్నారు? ఓసారి ఇంటికి రమ్మంటారా?" అని అడగండి.