ముత్తాత సమాధిని ఏ జిల్లాలో వెతుకుతున్నారు?

"మా ముత్తాతది బొబ్బిలి దగ్గర పల్లెటూరండీ. విజయనగరం జిల్లా పాత రికార్డులన్నీ అడిగాం, ఎక్కడా లేదన్నారు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే ఆ పేరు మీద ఉండే అవకాశమే లేదు.

విజయనగరం జిల్లా వచ్చిందే 1979లో. మీ ముత్తాత 1930ల్లో పోయారనుకోండి, అప్పటికి బొబ్బిలి విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది, తర్వాత విజయనగరానికి వచ్చింది. సమాధి మాత్రం అంగుళం కదల్లేదు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిని చిన్నప్పటి స్కూలు రిజిస్టర్‌లో అత్తింటి పేరుతో వెతికితే దొరుకుతుందా? ఊళ్ళ సంగతీ అంతే, పుట్టిల్లు ఏదో అడగాలి. శ్రీకాకుళానికి పుట్టిల్లు గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా వేరయ్యేదాకా అక్కడే ఉంది, అదీ ఇంగ్లీషు కాగితాల్లో చికాకోల్ అన్న పేరుతో! పాలకొండ అయితే 2022లో మళ్ళీ ఇల్లు మారి పార్వతీపురం మన్యం చేరింది. అందుకే ముందు మనిషి పోయిన ఏడాది పట్టుకోండి, ఆ ఏడాదికి ఊరు ఏ జిల్లాలో ఉందో రాసుకోండి. ఆఫీసులకు తిరగడం ఆ తర్వాతే.

క్రైస్తవ కుటుంబమైతే చర్చికి వెళ్ళి భూస్థాపన రిజిస్టర్ ఉందేమో అడగండి. బొబ్బిలి, శ్రీకాకుళం వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. బాప్తిస్మంలో పేరు మార్చుకున్నవాళ్ళుంటారు కాబట్టి మనిషికి కూడా పుట్టింటి పేరు చూడాలి, రెండు పేర్లతోనూ వెతకాలి.

ఇక సమాధి దగ్గర. దయచేసి వైరు బ్రష్‌తో గీకకండి, యాసిడ్ పోయకండి. అక్షరం ఒకసారి పోతే ఇక రాదు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళండి. సున్నం పొరల కింద 'జననం' అన్న మాటలో 'జ' వంపు సన్నటి నీడగా పైకి తేలుతుంది. ఎండ లేకపోతే సెల్‌ఫోన్ టార్చిని రాయికి పక్కనుంచి ఆనించి పట్టుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అంతా తెల్లగా కనిపిస్తుంది, ఏమీ చదవలేం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. సొంత పొలంలో కట్టిన సమాధుల మీద 'ఖర నామ సంవత్సరం' అని ఉంటే అది 1891 కావచ్చు, 1951 కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి కొడుకుల వయసుతో సరిచూసుకోండి. ఊరి శ్మశానం ఎక్కడో తెలియకపోతే అడంగల్‌లో (ఊరి భూముల లెక్కల రికార్డు) సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీలో (భూముల సర్వే కొలతల పుస్తకం) కొలతల పటం చూడండి. నవంబరు 2న క్రైస్తవుల సమాధుల పండుగకి ఊళ్ళో పెద్దలు వస్తారు, ఆరోజు తప్పకుండా వెళ్ళండి. మీ వాళ్ళది ఏదో తెలియకపోయినా పక్క సమాధులు ఎవరివో అడిగి పేర్లు రాసుకోండి. ఒక ఇంటివాళ్ళని చాలాచోట్ల పక్కపక్కనే పెడతారు.