బొమ్మకూ బొమ్మకూ నడుమ: యానిమేషన్ ఎట్లా పనిచేస్తుంది

(హనుమకొండలో చిత్రలేఖనం నేర్చుకునే విద్యార్థులు, నేర్పే ఉపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రామప్ప గుడికి పోయినవాళ్లు అక్కడి నాట్యశిల్పాల ముందు కాసేపైనా ఆగే ఉంటారు. నటరాజ రామకృష్ణ గారు ఆ శిల్పాలనూ, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళినీ ఆధారం చేసుకుని పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాతిలో ఆయనకు దొరికినవి భంగిమలు. ఒక భంగిమలోంచి ఇంకోదానిలోకి ఏ దారిన పోవాలి, ఎంతసేపట్లో పోవాలి అన్నది ఆయనే కట్టుకోవాల్సి వచ్చింది. యానిమేటర్‌కు కూడా అసలు పని అక్కడే ఉంటుంది. బాగా గీసిన బొమ్మలు వరసగా పెట్టినంత మాత్రాన కదలిక రాదు. బొమ్మకూ బొమ్మకూ నడుమ వదిలిన దూరంలోంచి వస్తుంది. ఈ రోజు చెప్పే పద్ధతులన్నీ ఆ దూరాన్ని చేతిలో పెట్టుకునే దారులే.

ముందు కంటి సంగతి. చూసిన బొమ్మ కంటిలో కాసేపు నిలిచిపోతుంది, అందుకే సినిమా కదులుతుంది అని పాఠాల్లో చెప్తుంటారు. అది సగం మాటే. నిలిచిపోవడం ఒక్కటే కారణమైతే బొమ్మలు ఒకదాని మీద ఒకటి అలుక్కుపోయి కనబడాలి. కొద్ది తేడాతో వెంటవెంటనే వచ్చిన రెండు బొమ్మలను మెదడు ఒకే వస్తువుగా లెక్కగట్టి, నడిమి ప్రయాణాన్ని తనే కల్పించుకుంటుంది. మాక్స్ వెర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో ఈ భ్రమ మీదే ప్రయోగాలు ప్రచురించాడు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద పడే విడి చిత్రాలు. అన్నింటికీ వేర్వేరు బొమ్మలు గీయనక్కర్లేదు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 చాలు. దీన్ని ‘టూస్’ మీద చేయడం అంటారు. మరీ వేగంగా పోయే కదలికలకే ఫ్రేముకొక బొమ్మ, అంటే ‘వన్స్’, కావాలి.

ఇప్పుడు బంతి. ఈ ఒక్క అభ్యాసాన్ని కుదురుగా చేసినవాళ్లకు మిగతా విద్య సగం వచ్చినట్టే అని నా గట్టి నమ్మకం, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. నాలుగడుగుల ఎత్తు నుంచి జారవిడిచిన బంతి సుమారు అర సెకనులో నేలను తాకుతుంది. అర సెకను అంటే 12 ఫ్రేములు, టూస్ మీద ఆరు అంగలు. కింద పడే వస్తువు సమాన సమయాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7, 9, 11 నిష్పత్తిలో పెరుగుతాయి. వాటి మొత్తం 36. కాగితం మీద 18 సెంటీమీటర్ల నిలువు గీత గీసి, పై కొస నుంచి 0.5, 2, 4.5, 8, 12.5, 18 దగ్గర గుర్తులు పెట్టండి. పై కొసన ఒక బంతి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో బంతి, మొత్తం ఏడు బొమ్మలు. ఆడించి చూస్తే బంతికి బరువు వచ్చి ఉంటుంది. అవే ఏడు బొమ్మలను మూడేసి సెంటీమీటర్ల సమాన దూరంలో గీస్తే బంతి పడినట్టు ఉండదు, దారానికి కట్టి దించినట్టు ఉంటుంది. రెండింటిలో గీత పనితనం ఒకటే.

చివరి అంగ 5.5 సెంటీమీటర్లు. బంతి వెడల్పు రెండున్నరే అయితే ఆ రెండు బొమ్మలు ఒకదాన్నొకటి తాకవు, కంటికి గెంతు కొడుతుంది. దీనికి రెండు మందులు ఉన్నాయి. బంతిని పోయే దిక్కుకు కొద్దిగా సాగదీయడం ఒకటి. అక్కడ మాత్రం వన్స్‌కు మారి ఇంకో బొమ్మ చేర్చడం రెండోది. ఆ బొమ్మ 15.1 దగ్గర రావాలి, అంటే సరిగ్గా నడిమికి వెంట్రుకవాసి పైన. నేలను తాకిన బొమ్మలో బంతి అణగాలి, కానీ దాని పరిమాణం తగ్గకూడదు. ఎత్తు మూడో వంతు తగ్గిందంటే వెడల్పు ఒకటిన్నర రెట్లు కావాలి. వెడల్పు పెంచడం మరిచిపోతే గాలి పోయిన బంతిలా ఉంటుంది. ఇనుప గుండుకైతే ఈ అణగడం, సాగడం రెండూ వద్దు.

ఎక్కువమంది తప్పేది రెండో ఎగురు దగ్గర. ఎత్తు తగ్గిస్తారు, సమయం తగ్గించరు. ఎత్తు నాలుగో వంతుకు పడితే సమయం సగానికి రావాలి. అంటే నాలుగున్నర సెంటీమీటర్ల ఎగురుకు ఎక్కడానికి 6 ఫ్రేములు, దిగడానికి 6. మునుపటిలాగే 12, 12 ఉంచితే బంతి గాలిలో తేలుతుంది.

చేతితో గీసేటప్పుడు కాగితం కదలకపోవడమే మొదటి షరతు. ఆఫీసుల్లో వాడే మామూలు పంచ్ మెషీన్ 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, 8 సెంటీమీటర్ల ఎడంతో వేస్తుంది. అదే ఎడంతో ఒక చెక్కపట్టీకి రెండు 6 మిల్లీమీటర్ల కర్రమేకులు దిగగొట్టుకుంటే చాలు, జిరాక్స్ కాగితాలు వాటికి తగిలించి గీయవచ్చు. అడుగు కాగితం మీది బొమ్మ కనబడటానికి కింద ఫోటో ఫ్రేము అద్దం, దాని కింద ఎల్ఈడీ దీపం. ముందు ముఖ్యమైన భంగిమలు, అంటే కీ బొమ్మలు గీయాలి. తర్వాత దారి ఎటు వంగుతుందో చెప్పే నడిమి బొమ్మ, ఆ తర్వాతే మిగతావి. ఆ నడిమి బొమ్మను రెండు కీల మధ్య సూటిగా కొలిచి పెట్టవద్దు. భుజం దగ్గర తిరిగే చెయ్యి వంపులో పోతుంది. 90 డిగ్రీలు ఊగిన చేతిని సూటి గీత మీద సగం దగ్గర పెడితే అది దాదాపు 30 శాతం పొట్టిదవుతుంది. చెయ్యి సాగి ముడుచుకున్నట్టు కనబడే బొమ్మలన్నింటికీ జబ్బు ఇదే.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు కట్-అవుట్ పద్ధతిని వేరుగా చెప్పక్కర్లేదు. భుజం, మోచెయ్యి, నడుము విడివిడి ముక్కలు, వాటిని దారపు ముడులతో కలుపుతారు. మందపాటి డ్రాయింగ్ షీటు మీద ముక్కలు కత్తిరించి, పైనుంచి కెమెరా పెట్టి, ఫోటో ఫోటోకూ కొద్దికొద్దిగా జరపడమే ఈ పద్ధతి. కలిసే చోట రెండు ముక్కల కొసలూ ఒకే కొలత గుండ్రంగా ఉండాలి, ముడి ఆ వృత్తాల కేంద్రంలో పడాలి. లేకుంటే మోచెయ్యి వంచగానే సందు తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో కూడా ఇదే సూత్రం. అక్కడ ముడిని పివట్ అంటారు, నడుమును తిప్పితే భుజం, భుజాన్ని తిప్పితే చెయ్యి వెంట వచ్చేలా ముక్కలకు వరస కట్టుకుంటారు.

మట్టిబొమ్మలను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో ఫోటో తీసే స్టాప్‌మోషన్‌కు కుమ్మరి మట్టి పనికిరాదు, ఆరి పగులుతుంది. నూనె కలిసిన క్లే తీసుకోండి. లోపల అల్యూమినియం తీగను రెండు పేటలు మెలిపెట్టి అస్థిపంజరం చేయాలి. మోచెయ్యి, మోకాలు దగ్గర తీగ వంగివంగి తెగుతుంది, కాబట్టి చేతులూ కాళ్లూ మార్చుకునేలా కట్టుకోవాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో క్లే మెత్తబడి బొమ్మ దానంతటదే ఒరుగుతుంది. పొద్దున్నే పని పెట్టుకోవడం మేలు. తల బరువైతే అది ఇంకా తొందరగా ఒరుగుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలిక, తలను దానితో చెక్కి పైన రంగు వేస్తే ఆ బాధ తగ్గుతుంది.

ఆడిస్తే వెలుగు మిణుకుమిణుకుమంటోంది అన్న ఫిర్యాదుకు కారణాలు మూడు. కిటికీ వెలుతురు గంటగంటకూ మారుతుంది, కాబట్టి కిటికీ పూర్తిగా మూసేయాలి. ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) తనే మార్చుకుంటుంది, మూడింటినీ లాక్ చేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టుకోవాలి. ట్రైపాడ్ కాళ్ల చుట్టూ నేల మీద టేపుతో గుర్తు పెట్టండి. బటన్‌ను వేలితో నొక్కితే కెమెరా అదురుతుంది, రెండు సెకన్ల టైమర్ వాడండి. సెకనుకు 12 ఫోటోల లెక్కన పది సెకన్లకు 120 ఫోటోలు.

త్రీడీలో బొమ్మను ఒక్కసారే కట్టి, లోపల ఎముకలు పెట్టి, కీ భంగిమలు ఇస్తాం. నడిమివి కంప్యూటర్ నింపుతుంది. సులువూ అక్కడే, ప్రమాదమూ అక్కడే. అది ప్రతి కదలికనూ మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపుతుంది. దాన్ని అట్లాగే వదిలితే బంతి కూడా నేల దగ్గర నెమ్మదిస్తుంది, మనిషి నీళ్లలో నడిచినట్టు ఉంటాడు. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, నేల తాకే చోట వంపును పదునైన మూలగా మార్చాలి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోవడానికి అది సరిపోతుంది. రెండరింగ్, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును చివరి చిత్రంగా తయారు చేయడం, దాని లెక్క మాత్రం ముందే వేసుకోండి: ఒక నిమిషానికి 1440 ఫ్రేములు, ఒక్కోదానికి రెండు నిమిషాలు పడితే 48 గంటలు.

ఇక మాటలకు పెదాలు కలపడం. ఇంగ్లిష్ కోసం చేసిన నోటి పటాలను మన బొమ్మలకు దించేస్తే తెలుగు తెలుగులా కనబడదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి మాట చివర నోరు తెరిచి ఉండాలి. ప, ఫ, బ, భ, మ దగ్గర పెదాలు కలవాల్సిందే, అదీ కనీసం రెండు ఫ్రేములు. ద్విత్వం వస్తే ఇంకా ఎక్కువసేపు. ‘బతుకమ్మ’ అన్న మాటనే తీసుకోండి. 16 ఫ్రేముల్లో అయితే ‘బ’కు పెదాలు మూసి 2, దాని అకారానికి తెరిచి 2, ‘తు’కు గుండ్రంగా ముందుకు 3, ‘క’కు తెరిచి 2, ‘మ్మ’కు గట్టిగా మూసి 4, చివరి అకారానికి 3. ‘మ్మ’కు రెండే ఇస్తే చెవికి బతుకమ్మ, కంటికి ‘బతుకమ’. పెదాలు మూసే బొమ్మను శబ్దానికి ఒకటి రెండు ఫ్రేములు ముందే పెట్టండి. శబ్దం తర్వాత పెదాలు కదిలితే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. ముందు అద్దం పట్టుకుని మాట నెమ్మదిగా పలికి చూసుకోండి, ఆ తర్వాతే గీయండి.

ఇక్కడ బల్లల మీద పంచ్ చేసిన కాగితాలు, స్కేళ్లు ఉన్నాయి. ఒక్కొక్కరు పది కాగితాలు తీసుకోండి, 18 సెంటీమీటర్ల గీతతో మొదలుపెడదాం.